దగ్గేవాణ్ణి దింపేసిన ఎపిసోడ్

నిన్న ఫోన్‌లో మా చిన్నప్పటి ఆకాశ ఓడ సీరియల్ కనపడింది. అదే ఎపిసోడ్. ఓడలో ఒకనికి దగ్గు రోగమొస్తే, అందరికీ అంటుకుంటదని వాణ్ణి ఏదో గ్రహం మీద దింపేసి పోతారు. కింద కామెంట్లలో జనం ఇంకా కొట్లాడుతున్నారు, రైటని కొందరు, తప్పని కొందరు.

అప్పుడు మా ఇంట్లో కూడా అదే గొడవ.

"బతికున్న మనిషిని దింపేస్తారా, వాళ్ల చేతులు పడిపోను!" అనింది అమ్మ.

"నీదంతా ఏడుపే. ఒకణ్ణి దింపితే మిగతావాళ్లు బతికినారు గదా? చేసింది రైటే," అని నాయన దగ్గినాడు. మార్కాపురం పలకల గనిలో పని ఆయనది. ఆ దుమ్ముకు ఎప్పుడూ దగ్గే.

నాకు భయమేసింది. మర్నాడు అమ్మ నాయన్ను ఒంగోలు ఆస్పత్రికి తీసుకపోతుంటే, ఆడ దింపేసి వస్తదనుకున్నా. బస్సుకాడ నాయన చొక్కా పట్టుకోని, "నాయన్ను దింపొద్దు మా!" అని ఒకటే ఏడుపు.

"ఇంకా ఎక్కనే లేదు, అప్పుడే దింపేదేంది పాపా?" అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వినారు. అమ్మా నాయనా నవ్వలేదు.

రైటేనని నాయన అనింది తన దగ్గు గురించేనని అమ్మకు అప్పుడే తెలుసేమో. ఆ సీరియల్ మళ్లీ మా ఇంట్లో పెట్టనియ్యలేదు.