తియ్యనీళ్ళ ఊరి పిల్ల

ఆ రోజు పొద్దున్న మా అత్త పెద్దింట్లమ్మ వీధి చివరి కుళాయి నుంచి బిందెడు నీళ్ళు తెచ్చి, గుడ్డతో వడగట్టి, పళ్ళెం మూతపెట్టి, దాని మీద గ్లాసు బోర్లించింది. పొయ్యి దగ్గరున్న కోడలు కుమారి, "నేను తెచ్చేదాన్ని కదత్తా," అంది. రోజూ అనే మాటే. "నువ్వు కూర చూసుకో, మాడిపోద్ది," అంది అత్త. అదీ రోజూ అనే మాటే. తరవాత చాప వేసుకుని నడుం వాల్చింది. అన్నానికి లేపితే లేవలేదు. కూర మాత్రం మాడలేదు.

పెద్దింట్లమ్మ మా నాన్నకి అక్క. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే ఆమె ఊరు. ఆ ఊళ్ళో నీళ్ళు రెండు రకాలు: మంచినీళ్ళు, నీళ్ళు. బోరు కొడితే వచ్చేవి నీళ్ళు. వాటితో అంట్లు తోముకోవచ్చు, గేదెను కడగొచ్చు, గేదె ఒప్పుకుంటే తాగించొచ్చు. మంచినీళ్ళు కుళాయికి వస్తాయి, వచ్చిన రోజు. రాని రోజు కోడూరు నుంచి ఆటోలో టిన్నులు వస్తాయి. రొయ్యల చెరువులు తవ్వకముందు బోరు ఇంత ఉప్పగా ఉండేది కాదని ఊళ్ళో పెద్దవాళ్ళు అంటారు. అవి తవ్వకముందు కూడా వాళ్ళు ఇలాగే ఏదో ఒకటి అనేవారని అత్త అనేది.

మావయ్య పోయాక ఎండుచేపలు అమ్మి కొడుకు మోహన్‌ని పెంచింది. మోహన్ బోటు మీద వేటకి వెళ్తాడు. తాగడు, పేకాడడు. అలాంటి కుర్రాడికి మావాళ్ళలో పిల్ల దొరకడం కష్టం కాదు. ఊరే అడ్డం వచ్చింది.

ఇల్లు చూసుకోవడానికి వచ్చే ఆడపిల్లవాళ్ళకి అత్త తాగడానికి కుళాయి నీళ్ళే ఇచ్చేది. కానీ వచ్చినవాళ్ళు ముందు కాళ్ళు కడుక్కుంటారు. వాళ్ళలో ఎవరో ఒక పెద్దావిడ సబ్బు అడుగుతుంది. ఉప్పునీళ్ళకి సబ్బు నురగ రాదు, జిడ్డులా చేతికి అంటుకుంటుంది. పెద్దావిడ చేతులు చూసుకునేది, మిగతావాళ్ళు ఆవిడ మొహం చూసేవారు. కొన్నాళ్ళకి జాతకాలు కుదర్లేదని కబురొచ్చేది. జాతకం సబ్బుబిళ్ళలో ఉందని అత్తకి తెలుసు.

ఒకాయన మటుకు మొహం మీదే అడిగేశాడు. "మీ ఊళ్ళో చేపలెలా బతుకుతున్నాయో తెలుస్తానే ఉంది గానీ, మనుషులెలా బతుకుతున్నారమ్మా?"

"ఈదుకుంటూ," అంది అత్త.

ఆ తరవాత మంగినపూడి దగ్గరి సంబంధం వచ్చింది. కుమారిని చూడ్డానికి మేమే వెళ్ళాం. మంచినీళ్ళిచ్చారు. అత్త ఒక గ్లాసు తాగి, ఇంకోటి అడిగి తాగింది.

"ఎంత తియ్యగా ఉన్నాయండీ మీ ఊరి నీళ్ళు!"

"మా ఊరు చేసుకున్న పుణ్యమండీ," అంది కుమారి అమ్మమ్మ ఆనందమ్మ.

తిరుగు బస్సులో మోహన్, "పిల్ల బాగుందమ్మా," అన్నాడు.

"నీళ్ళూ బాగున్నాయి. అదే నా భయం," అంది అత్త.

వాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వచ్చే రోజు పొద్దున్నే అత్త దొడ్లోని సిమెంటు గాబు ఖాళీ చేసి, కడిగి, ఆటో ఆపి టిన్నులన్నీ దింపించింది. మోసింది నేను. కాళ్ళు కడుక్కునే గాబులోకి మంచినీళ్ళు ఒంపుతుంటే పక్కింటి సత్యవతమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏంటొదినా, గాబులో టిన్ను నీళ్ళు? గేదెకి గానీ పెళ్ళిచూపులా?"

"సాయంత్రందాకా నోరు మూసుకో, నీక్కూడా ఓ టిన్ను పంపిస్తా."

సత్యవతమ్మ మూసుకుంది. ఆ ఊళ్ళో ఇంకేం ఇచ్చినా మూసుకునేది కాదు.

ఆనందమ్మ సబ్బు అడిగింది. చేతుల మీద రుద్దింది. నురగ మోచేతుల దాకా వచ్చింది. ఆవిడ ఆ నురగని చూసింది, గాబుని చూసింది, అత్తని చూసింది. తరవాత చెంబు మీద చెంబు ముంచుకుని తీరిగ్గా కాళ్ళు కడుక్కుంది. మంచినీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లోకి పోతుంటే అత్త చూడలేక నా వైపు తిరిగింది.

"ముహూర్తం పెట్టించండమ్మా," అంది ఆనందమ్మ, కాళ్ళు తుడుచుకుంటూ.

పెళ్ళయి కాపురానికి వచ్చాక కుమారి మొదటిసారి బోరు నీళ్ళతో స్నానం చేస్తుంటే అత్త తడిక బయటే నిలబడింది. కుమారి బయటికి వచ్చి జుట్టు దులుపుకుంది, ఏమీ అనలేదు. అనకపోవడం అత్తకి మరీ కష్టమైంది. "తియ్యనీళ్ళ ఊరి పిల్లని తెచ్చి ఉప్పులో పడేశాన్రా. ఏ రోజు పుట్టింటికి పోతానంటదో," అనేది నాతో. ఆ భయంతో బిందె కోడలి చేతికి ఇవ్వలేదు. మోకాళ్ళు వాచినా ఇవ్వలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "కోడలుండగా నీకేంటే ఈ బిందె?" అని దెప్పితే, "మా కోడలిది తియ్యనీళ్ళ ఊరు, దానికి లైన్లో నిలబడటం ఏం తెలుసు?" అనేది, గొప్ప చెబుతున్నట్టు.

వియ్యాలవారు ఎప్పుడొచ్చినా గాబులోకి టిన్నులే. "ఇంకా ఎందుకమ్మా, ఇప్పుడు పెళ్ళి రద్దు చేస్తారా?" అన్నాడోసారి మోహన్. "చెయ్యరని రాసిచ్చారేంట్రా?" అంది అత్త.

అత్త పెద్దకర్మ రోజు మంగినపూడి నుంచి వాళ్ళు వస్తున్నారంటే నేను అలవాటు కొద్దీ గాబు కడిగి టిన్ను ఎత్తాను. కుమారి ఖాళీ బిందెతో కుళాయికి బయల్దేరుతూ ఆగింది.

"అదెందుకన్నయ్యా? బోరు నీళ్ళే పెట్టు. అమ్మమ్మకి మొదటిరోజే తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీరు నన్ను చూడ్డానికొచ్చినప్పుడు మా ఇంట్లో తాగింది ఏంటనుకున్నారు? టిన్ను నీళ్ళే. మా బోరు మీ బోరు కంటే ఉప్పు."

నేను టిన్ను కింద పెట్టాను.

"మరి అత్తకి చెప్పలేదేమ్మా?"

"చెబితే బిందె నాకిచ్చేసేది," అంది కుమారి.