తడి మీద లాగిన హ్యాండ్ బ్రేకు

మొన్న వానలు వెలిసిన మర్నాడు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ కింద ఎవరో ఇనుము మీద టకటకా కొడుతున్న చప్పుడు వినపడి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే కిందికి దిగాను. రెండో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి వారం రోజులు ఊళ్ళో ఉండనని, వానలో తడిసిన తన పాత కారును అలాగే నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి వెళ్ళాడట. తిరిగొచ్చి చూస్తే వెనక చక్రం కదలనని మొండికేసింది. మెకానిక్కు చక్రం ఊడదీసి లోపలి డ్రమ్ము చుట్టూ సుత్తితో తడుతుంటే, ఆ ఉద్యోగి మాత్రం పక్కన నిలబడి ఆఫీసుకు టైమవుతోందని గొణుక్కుంటున్నాడు. తడి మీద లాగారా అని అడిగాను. అరవై దాటిన ఆడమనిషికి ఈ సంగతులెందుకు అన్నట్టు చూశాడు. ఏం చెప్పను, ఆ చప్పుడు నేను వయసులో ఉండగా ఒకసారి విన్నాను. అప్పటినుంచీ అది ఎక్కడ వినపడ్డా గుర్తుపడతాను.

నేను పుట్టి పెరిగింది జగ్గయ్యపేటలో. నాన్నకు అక్కడ హోల్‌సేల్ కిరాణా కొట్టు ఉండేది. ఊళ్ళో సొంత కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన ఆ రోజుల్లో, ఎవరో వాడి వాడి విసిగిపోయిన కారొకదాన్ని నాన్న కొని తెచ్చారు. మగపిల్లలు లేని ఇల్లు కాబట్టి, అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది కాబట్టి, నాకు డ్రైవింగు నేర్పారు. ఓణీ నడుముకు దోపుకుని నేను స్టీరింగు పట్టుకుంటే సిమెంటు లారీల డ్రైవర్లు సైతం తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆనాటి కారుతో వేగాలంటే దాని పేచీలన్నీ ముందే తెలిసి ఉండాలి. నాన్న నాకు మొట్టమొదట నేర్పింది హ్యాండ్ బ్రేకు సంగతే. కారు కడిగినా, వానలో తిరిగొచ్చినా, తడి ఆరేదాకా బ్రేకు లాగకూడదు. లాగితే లోపలి లైనింగు డ్రమ్ముకు అతుక్కుపోతుంది, పైన తుప్పు పడితే ఇక చెప్పక్కర్లేదు. గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టి దిగాలి. సున్నపురాయికి కరువు లేని ఊరు మాది, అలాంటి రాయి ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉండేది.

నాన్నకు ఒక్కతే అక్క, మా మేనత్త. నందిగామలో ఇచ్చారు. చిన్నప్పుడే తల్లి పోతే నాన్నను చంకనేసుకుని పెంచింది ఆవిడే. మా అక్క పెళ్ళికి అందరికన్నా ముందు ఆవిణ్ణి పిలవాలి. అమ్మా నాన్నా కలిసి వెళ్ళి, అమ్మ బొట్టు పెట్టి, పండూ తాంబూలం చేతికిచ్చి మరీ పిలవాలి. ఆడపడుచుకు ఆ మాత్రం మర్యాద తప్పిన ఇల్లు మా వాళ్ళలో ఉండదు. కానీ ముహూర్తం దగ్గర్లో కుదిరి, పనులన్నీ ఒక్కసారిగా నెత్తిన పడి, ఇవాళ వెళ్దాం రేపు వెళ్దాం అనుకుంటూనే రోజులు అయిపోయాయి. కొట్లో గుమాస్తా ఏదో పని మీద నందిగామ వెళ్తుంటే నాన్న శుభలేఖ అతని చేతికిచ్చి పంపారు. అక్కయ్యేగా, అర్థం చేసుకుంటుంది అనుకున్నారు. అత్తయ్య శుభలేఖ అందుకుని, గుమాస్తాకు మజ్జిగ ఇచ్చి, పల్లెత్తు మాట అనకుండా పంపించింది. పెళ్ళికి మాత్రం రాలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు మా గడప తొక్కలేదు. నాన్న మాత్రం తక్కువ తిన్నారా, కూతురి పెళ్ళిలో తోబుట్టువు కనపడక నలుగురిలో తలవంపులయిందని ఆయనా బిగుసుకుపోయారు. అయినా ఏటా దసరాకు ఆవిడ పేరు చెప్పి ఒక చీర కొనేవారు, అది ఇవ్వకుండానే బీరువాలో పెట్టేవారు.

ఆ ఏడు అమ్మ పట్టుబట్టింది. దశమి నాడు కారులో వెళ్ళి, బొట్టు పెట్టి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని రావాల్సిందేనంది. నాన్న అవుననలేదు, కాదనలేదు. చీర మాత్రం రెండు కొట్లు తిరిగి ఆకుపచ్చ మీద ఎర్రంచుది ఏరి తెచ్చారు. అప్పుడే మాకు అర్థమైంది వెళ్తారని.

సప్తమి నాడు గుమాస్తా కారును బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి కడిగాడు. నేను దాన్ని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాను. మా వాకిలి వీధి వైపుకు వాలుగా ఉండేది. అంతకుముందు ఏడు ఆయుధపూజలో, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి అమ్మ హారతిస్తుండగా రాయి పక్కకు తప్పుకుని కారు బెత్తెడు జారింది, ఒక నిమ్మకాయ ముందే చితికింది. హారతి కాకుండా నిమ్మకాయ చితకడం అపశకునమని అమ్మ ఏడాది పొడుగునా మథనపడింది. అక్కకు కానుపు కష్టమైనా, కొట్లో ఎలుకలు మూటలు కొరికినా, అన్నిటికీ ఆ నిమ్మకాయే కారణం. ఈసారి ఆ మాట పడదలుచుకోలేదు నేను. కారు ఇంకా నీళ్ళోడుతుండగానే రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు పట్టుకుని, ఇక రానన్నంత దాకా లాగి దిగాను. నాన్న చెప్పింది మర్చిపోయి చేసింది కాదది, మూడు రోజులకే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ మూడు రోజులూ ముసురు పట్టింది.

నవమి నాడు పూజ చక్కగా జరిగింది, దశమి నాటి ప్రయాణంలోనే తొక్కించాలని కారు కదపలేదు కాబట్టి నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, నేను లోలోపల మురిసిపోయాను. దశమి పొద్దున టిఫిన్ల వేళకు ఫోను మోగితే నేనే తీశాను. నందిగామ నుంచి మామయ్య. "మీ అత్తయ్యకు ఏం బాగోలేదమ్మా. ఇంక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు డాక్టరు. తమ్ముణ్ణి చూడాలంటోంది, నాన్నని వెంటనే రమ్మను" అన్నాడు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వాకిట్లోకి వచ్చారు. అమ్మ కుంకుమభరిణె, పళ్ళు, ఆకుపచ్చ చీర సంచిలో సర్దుకుంది.

నేను కారు స్టార్టు చేసి క్లచ్చి వదిలాను. ముందు చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి, కారు జానెడు ఈడ్చుకుని ఆగిపోయింది. వెనక ఎడమ చక్రం తిరగకుండా బురదలో గీత గీసింది. లీవరు దించే ఉంది, వదులుగా ఊగుతూనే ఉంది, పట్టు మాత్రం లోపల వదల్లేదు. ముందుకూ వెనక్కూ గేరు మార్చి ఊపాను. నాన్నా గుమాస్తా తోశారు. అమ్మ స్నానాల కాగులోంచి వేడినీళ్ళు తెచ్చి చక్రం మీద పోసింది. గుమాస్తా వంటింట్లోంచి రోకలి పట్టుకొచ్చి బాదాడు. పండగ పూట అద్దె కారు ఒక్కటీ దొరకలేదు.

వీధి చివర మెకానిక్కు ఉండేవాడు. గుమాస్తా పరుగున వెళ్ళి పిలిస్తే వచ్చాడు గానీ ఒట్టి చేతులతో వచ్చాడు. "సామానంతా అమ్మవారి ముందు పెట్టానండీ. సాయంత్రం శమీపూజ అయ్యేదాకా ముట్టుకోకూడదండీ" అన్నాడు, తలదించుకుని. మా కొట్లో కాటా, తూకపు రాళ్ళు కూడా కుంకుమ బొట్లతో అలాగే కూర్చుని ఉన్నాయి. ప్రయాణానికని కారు ఒక్కటే మినహాయింపు, దాని జాకీ, పానా సైతం అమ్మ పూజగదిలోనే ఉన్నాయి. తను పాటించే నియమాన్ని ఇంకొకణ్ణి తప్పమని అడగడం నాన్నకు చేతకాలేదు. మెకానిక్కు పాపం కారు కిందికి దూరి, బురదలో వెల్లకిలా పడుకుని, బ్రేకు కేబులును చేత్తోనే లాగాడు. వేళ్ళు ఒరుసుకుపోయాయి. చక్రం కదల్లేదు.

నందిగామ బస్సు మా ఇంటి ముందు నుంచే వెళ్ళేది, చెయ్యెత్తితే ఆపేవాళ్ళు. మొదటి బస్సు వచ్చినప్పుడు నాన్న దాని వంక చూసి, ఇంకో పది నిమిషాల్లో వదులుతుందిలే అన్నారు. రెండోది వచ్చినప్పుడు అమ్మ ఉండబట్టలేక, మీరు ఎక్కండి, మేం వెనక వస్తాం అంది. "బస్సులో వెళ్ళి ఆవిణ్ణి దేంట్లో తీసుకొస్తానే? నాలుగేళ్ళకి వెళ్తున్నా, చేతులూపుకుంటూ దిగమంటావా?" అని కసిరారు. డాక్టరు అన్న మాట ఆయన చెవికెక్కలేదో, ఎక్కినా నమ్మదలుచుకోలేదో నాకు తెలియదు. అక్కయ్యను కారులో కూర్చోబెట్టుకుని పేటకు తీసుకురావాలన్న ఒక్కదాన్నే పట్టుకుని ఆయన వాకిట్లో పచార్లు చేస్తున్నారు. మూడో బస్సు మా ముందు నుంచే, సగం సీట్లు ఖాళీగా, వెళ్ళిపోయింది. నేను స్టీరింగు ముందు నుంచి లేవలేదు. లేస్తే ఎవరైనా నా మొహం చూస్తారని భయం.

చివరికి మెకానిక్కు అరుగు మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మను చూశాడు. ఇంటికి వెళ్ళి, అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, లెంపలేసుకుని, జాకీ, సుత్తీ, పానాలూ తెచ్చాడు. వాటి మీద కుంకుమ బొట్లు ఇంకా ఉన్నాయి. చక్రం ఊడదీసి, డ్రమ్ము చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేశాడు. పావుగంటలో టక్కుమని వదిలింది.

చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక లారీల మధ్య నేను ఎలా నడిపానో నాకే గుర్తులేదు. అత్తయ్య వాళ్ళ వీధి మలుపు తిరగ్గానే ఇంటి ముందు మగవాళ్ళు గుంపుగా నిలబడి ఉండడం కనపడింది. నేను కారు అక్కడే ఆపేశాను.

ప్రాణం పోయి గంట కూడా కాలేదన్నారు. పొద్దున మంచం మీదే మొహం కడిగించుకుని, జడ వేయించుకుని, తమ్ముడు బయల్దేరాడా అని వీధి తలుపు వైపుకే చూస్తూ ఉందట. ఈ మాట చెప్పింది అత్తయ్య కూతురు, మా వదిన. అంతలో లోపల్నుంచి పెద్దావిడ ఒకరు వచ్చి, పుట్టింటి చీర తెచ్చారా అని అడిగారు. ముత్తయిదువ పోతే పుట్టింటి వాళ్ళ చీరే కప్పాలి, అది మా ఆచారం. అమ్మ సంచిలోంచి ఆకుపచ్చ చీర తీసింది. నాన్న దాన్ని అందుకుని, మడత విప్పి, తనే కప్పారు. పిలుపు కోసమని తెచ్చిన భరిణెలోంచే అమ్మ కుంకుమ తీసి నుదుట పెట్టింది. ఇంత హడావుడిలోనూ చీర మర్చిపోకుండా తెచ్చారు, పుట్టిల్లంటే అదీ అని అక్కడున్న వాళ్ళు నాన్నను మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటూ నిలబడ్డ నాన్న మొహం నేను ఈనాటికీ మర్చిపోలేను.

తిరిగొచ్చాక తప్పంతా గుమాస్తా మీద పడింది. కారు కడిగింది అతనే కాబట్టి బ్రేకు లాగిందీ అతనేనని అందరూ అనుకున్నారు. అప్పుడు శుభలేఖ పట్టుకెళ్ళిందీ వీడే, ఇప్పుడు కారు పాడుచేసిందీ వీడే అని అమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. అతనికి డ్రైవింగే రాదు, కారులో కూర్చుని బ్రేకు లాగే పని అతనికేముంటుందని ఒక్కరికీ తట్టలేదు. అతనికి తెలుసు. తిట్లన్నీ పడుతూ ఒక్కసారి నా వైపు చూసి, కళ్ళు దించుకున్నాడు. నేను నోరు విప్పలేదు. మరుసటి ఏడు అతను కొట్టు మానేసి వీరులపాడు దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు, నేను ఒక్కసారైనా వెళ్ళి చెప్పి రాలేదు.

నాన్నతో చెప్పడానికి నాకు పదేళ్ళు పైనే పట్టింది. అప్పటికి నాకు పెళ్ళయి నందిగామకే వచ్చాను, ఆయన మంచాన పడ్డారు. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తూ, బ్రేకు లాగింది నేనే నాన్నా, తడి మీదే లాగాను అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు, నా మీద కోప్పడలేదు. కిటికీ వైపు చూసి, "మూడు బస్సులు పోయాయమ్మా. ఎక్కి ఉండాల్సింది" అన్నారు. అంతకుమించి ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. ఇన్నేళ్ళూ ఆ తప్పు నాదేనని నేను మోస్తుంటే, ఆయన ఆ బస్సుల్ని లెక్కపెట్టుకుంటూ ఉన్నారన్నమాట.

ఇప్పుడు పేట నుంచి నందిగామకు అరగంట పట్టదు. కొత్త కార్లలో లాగడానికి లీవరే లేదు, మీట నొక్కితే చాలట. పెళ్ళి పిలుపులూ అలాగే అయ్యాయి. మొన్న మా వదిన, అదే అత్తయ్య కూతురు, రెండు వీధుల అవతలే ఉంటుంది, మనవరాలి పెళ్ళి శుభలేఖ ఫోనుకు పంపింది. కింద తప్పకుండా రావాలని ఉంది, అందరికీ పంపిన మాటే అది. నేనూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిప్పి పంపాను. బొట్టు పెట్టి పిలవలేదేమని నాకు కోపం రాలేదు, ఆ కోపం రాలేదన్న సంగతి కూడా రెండు రోజుల తర్వాత గాని తట్టలేదు. అత్తయ్య అలిగితే, అక్కడ జగ్గయ్యపేటలో ఒక తమ్ముడు నాలుగేళ్ళ పాటు చీరలు కొని దాచుకున్నాడు. ఇప్పుడు నేను అలిగినా, అలిగానని ఎవరికీ తెలియదు.