కాచడానికి పనికొచ్చే నీళ్లు

రాజమండ్రికి దిగువన, గోదావరి గట్టున ఉన్న ఒక పట్టణపు మున్సిపాలిటీకి నన్ను ఓవర్సీరుగా వేసింది 1890ల నడుమ, ఒక వేసవిలో. ఊరి పేరు ఎందుకులెండి. మురుగుకాలవలు కట్టించడం, కట్టినవి పూడిపోకుండా చూడడం ఓవర్సీరు పని. పైన ఇంజనీరుగారు, కింద మేస్త్రీ, మధ్యలో ఇద్దరి చేతా మాటలు పడేది నేను.

ఊరి మురుగంతా ఒక పెద్ద కాలవగా కలిసి, ఊరికి దూరంగా పొలాల్లో తవ్విన మడ్డిచెరువులో పడేది. అక్కడ నీరు నిలిస్తే మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీరు ఇసుకమడిలో వడకట్టుకుని పంటకాలవలో కలుస్తుంది. ఎండాకాలమంతా ఈ ఏర్పాటు చక్కగా నడిచేది. వాన పడిందా, ఊరి నీరంతా ఒక్కసారిగా వచ్చిపడి, అడుగున ఉన్న మడ్డిని కూడా లేపి పంటకాలవలోకి తోసేది. దిగువన క్రైస్తవుల పేటకు ఆ కాలవ నీళ్లే తాగునీళ్లు. నేను రావడానికి ముందటేడు తొలకరికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని అక్కడి మిషను బడి మూతబడింది. పంతులమ్మ ఎస్తేరమ్మగారి దగ్గర చదువుకునే పిల్లలు ఇద్దరు పోయారు.

చెరువును పెద్దది చేయాలన్నారు ఇంజనీరుగారు. వానంతా పట్టే చెరువంటే సగం పొలాలు ముంచాలి, వద్దని రైతులు అర్జీలు పెట్టారు. ఆ ఊళ్లో ఇంకో అలవాటుంది. దొడ్లోని పేడా చెత్తా పోగేసి ఉంచి, తొలివాన రాగానే మురుగుకాలవలోకి నెడతారు. అలా చేయవద్దని దండోరా వేయించాను. మున్సిపాలిటీవారు దొడ్లు తనిఖీ చేస్తారనుకుని, జనం వాన కోసం కూడా ఆగకుండా ఆ సాయంత్రమే నెట్టేశారు. నాకు ఒళ్లు మండింది. తరువాత నవ్వూ వచ్చింది, ఆలోచనా వచ్చింది. చెడ్డదంతా మొదటి నీటితోనే వస్తోంది. ఆ నీటిని చెరువుకు పట్టి, నిండగానే మూతికి పలకలు దించేసి, వెనక వచ్చేదాన్ని పక్కగా ఒక పాయ తవ్వి నేరుగా పంటకాలవలోకి వదిలేస్తే, దిగిన మడ్డి కదలదు.

ఒక్క వానాకాలం చూద్దామని ఇంజనీరుగారు ఒప్పుకున్నారు. వడకట్టని నీరు పేట కాలవలో కలుస్తుంది కాబట్టి ముందుగా పంతులమ్మగారికి చెప్పడం ధర్మమనిపించి వెళ్లాను. ఆవిడ అంతా విని, ఒకటే అడిగారు.

"మీరు వదిలే నీళ్లు మీరు తాగుతారాండి?"

కాచి తాగుతానన్నాను.

"కాచడం మాకూ వచ్చండి. ముందు కాచడానికి పనికొచ్చే నీళ్లివ్వండి."

తొలివానకు గొడుగు పట్టుకుని నేనే దగ్గరుండి పలకలు దింపించాను. పక్కపాయలో నీరు ఎర్రగా బురదబురదగా పోయింది గానీ వాసన లేదు. చెరువులో మడ్డి ఉన్నచోటే ఉంది. అయినా వానాకాలమంతా పేట నుంచి ఎవరొచ్చినా ముందు పిల్లలెలా ఉన్నారనే అడిగేవాణ్ణి.

వానలు వెనకబట్టాక పేటకు వెళ్లాను. పంతులమ్మగారు హాజరు పిలుస్తున్నారు. బయటే నిలబడి విన్నాను. పిలిచిన ప్రతి పేరుకూ జవాబు వచ్చింది.

మరుసటి వేసవిలో, చెరువు వద్దని అర్జీలు పెట్టిన రైతులే బళ్లు కట్టుకొచ్చి మడ్డిని ఎరువుకు తోలుకుపోయారు. పూడిక తీయించే బాధ కూడా నాకు తప్పింది.

వానంతటినీ శుభ్రం చేయడం ఏ మున్సిపాలిటీ తరమూ కాదు. ముందు వచ్చే నీటిని పట్టి ఆపడమే మా పని. తక్కినది పేటలో పొయ్యి మీది కుండ చూసుకుంది.