విఠల్ చెప్పిన దారి

ఆదిలాబాద్‌లో విఠల్ ఇంటి వసారాలో, ఆయనకు జానెడు దూరంలో కూర్చుని, ఆయన ఫోన్‌కే మెసేజ్ పంపాను: "కంటి ఆపరేషన్ చేయించుకో అన్నా." ఆయన ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "చేపిచ్చుకోను!" అన్నాడు, వీధి చివరిదాకా వినిపించేలా.

అప్పటికి మేము కలిసి గంట కూడా కాలేదు.

పత్రిక ఉద్యోగం అయిపోయాక ఫేస్‌బుక్‌లో రోజుకో చిన్న రాత పెడుతున్నాను. కింద ఎవరేమన్నా జవాబిచ్చే అలవాటు లేదు. రాసి పక్కకు తప్పుకోవడమే నాకు తెలిసిన పని. విఠల్ మాత్రం ఊరుకునేవాడు కాదు. ఆదిలాబాద్‌కు నిర్మల్ మీదుగా వెళ్లడం మేలని రాస్తే, "పేపరాయనా, బస్సుల పండుకొని పోయేటోనికి ఏ దారైతేంది? లక్సెట్టిపేట, ఉట్నూర్ దిక్కుకెంచి వచ్చి సూడు" అని పెట్టాడు. ఏ రాతకైనా అలాంటి చురక ఒకటి ఉండేది. ఈ మధ్య ఆగిపోయాయి. మొదట హాయిగానే అనిపించింది. కొన్నాళ్లకు, రాత పెట్టగానే ఆయన పేరు కోసమే వెతుకుతున్నానని తెలిసింది.

"ఏమైంది, అలిగినవా?" అని మొదటిసారి నేనే మెసేజ్ చేశాను. జవాబు ఆయన కోడలు సునంద రాసింది: "మామకు చెవులు వినవడయి సార్. ఇప్పుడు కండ్లల్ల శుక్లాలు ముదిరినయి, చదవస్తలేదు. మీరు వస్తే సంబురపడ్తడు."

అందుకని ఆయన చెప్పిన దారే పట్టాను. ఆరింటికి కరీంనగర్‌లో బస్సెక్కి, గోదావరి దాటి, లక్సెట్టిపేటలో పూరీ తిని ఉట్నూర్ బస్సు అందుకున్నాను. జన్నారం దాటాక రెండు పక్కలా టేకు చెట్లే. జైనూర్‌లోని అక్క ఇంటికి వెళ్తున్న ఒకామె నా పక్క సీటులో కూర్చుంది. ఎక్కడికని అడిగింది. సంగతి చెబితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మొఖం సూడని మనిషి కోసం బస్సెక్కినవా? గీ వయసుల?"

"రోజూ కొట్లాడేటోడమ్మా. కొట్లాడుడు బంద్ చేసిండు."

ఆమె నవ్వు ఆగింది. "అయితే పోవాలె. మా ఆయన మస్కట్ల ఉంటడు. రోజూ ఫోన్ల కొట్లాడుకుంటం. ఒక్కనాడు కొట్లాడకపోతే, పానం మంచిగ లేదో ఏమో అని నేనే పరేషాన్ అయిత."

ఉట్నూర్‌లో ఆమె జైనూర్ బస్సుకు మారింది, నేను ఆదిలాబాద్ బస్సుకు. ఒంటిగంట అవుతుండగా విఠల్ గడప తొక్కాను. ఆయన నా ముఖానికి బాగా దగ్గరగా వచ్చి చూశాడు.

"ఫోటోల నల్ల జుట్టు, ఈడ తెల్ల జుట్టు! పేపరోళ్లను గందుకే నమ్మ."

జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా పెట్టారు. ఆయన పనిచేసింది యంత్రాల మోత ఆగని పత్తి జిన్నింగ్ మిల్లులో. "మీరు టైప్ చెయ్యిన్రి, మామ మాట్లాడ్తడు, ఊరంత ఇంటది" అంది సునంద. భోజనమయ్యాక నేను పంపిన మొదటి మెసేజే ఆపరేషన్ గురించి.

"చెవులు మిల్లు తిన్నది," అన్నాడు ఆయన, ఈసారి గొంతు తగ్గించి. "గీ కండ్లతోటే నలుగురితోని మాట్లాడుతున్న. ఆపరేషన్ల ఇవి గూడ ఖరాబైతే ఎవలతోని మాట్లాడాలె?"

బతిమాలడం సునంద ఎప్పుడో చేసింది. నేను మెసేజ్ మానేసి, అందరూ చూసే నా పేజీలో ఒక రాత పెట్టి ఆయనకు చూపించాను: "విఠల్ చెప్పిన దారిన వచ్చాను. టేకు చెట్లు తప్ప ఏమీ లేవు. నిర్మల్ దారే నయం."

ఆయన ముఖం ఎర్రబడింది. జవాబు అక్కడే, నలుగురి ముందే పెట్టాలని మొదలుపెట్టాడు. వేలు పక్క అక్షరం మీద పడింది. చెరిపాడు. మళ్లీ పడింది. ఫోన్ పక్కన పెట్టి కోడలి వైపు తిరిగాడు.

"సునందా, డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. ముందుగాల ఒక్క కన్నే చెయ్యుమను. పేపరాయన తప్పులు పట్టనీకి ఒక్కటి సాలు."

సాయంత్రం నిర్మల్ మీదుగా తిరిగి బయలుదేరాను. విఠల్ దారిన వెళ్లదలచినవారు పొద్దున్నే బయలుదేరండి, చీకటి పడ్డాక అడవిలో బస్సు దొరుకుతుందని నమ్ముకోవద్దు. తిరుగు బస్సులో, నా రాతల కింద ఇన్నాళ్లూ జవాబివ్వకుండా వదిలేసిన మాటలకు ఒక్కొక్కటిగా జవాబులు రాస్తూ వచ్చాను. జగిత్యాల చేరేలోగా ముగ్గురు తిరిగి పలకరించారు, ఒకాయన చాయ్‌కి రమ్మన్నాడు. ఇన్నేళ్లు రాసి నేను సంపాదించుకున్నది వీళ్లనేనని ఆ బస్సులో తెలిసింది.

విఠల్ ఆపరేషన్ వచ్చే సోమవారం. చూపు ఎంత వస్తుందో కట్టు విప్పాకే చెబుతామన్నారు. నా రాత కింద ఆయన జవాబు ఇంకా లేదు. ఏ దారి మంచిదో మా మధ్య తేలలేదు.