కొసలు మాడిన స్పైడర్ ప్లాంట్

ఈ రోజు పొద్దున అక్క పెంచుకునే పిల్లిని బయటికి గెంటి, అనకూడని మాట అన్నాను. అన్నది పిల్లినే. కానీ వంటింట్లో అక్క ఉంది.

నాచారంలో నైట్ డ్యూటీ దిగి ఉప్పల్ చేరేసరికి ఒళ్లు తూలిపోతోంది. చెప్పులు విడవడానికి వంగే ఓపిక కూడా లేదు. కిటికీలో వేలాడుతున్న స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలన్నీ మాడిపోయి ఉన్నాయి. కింద పిల్లి వెనక కాళ్ల మీద లేచి, తీగ చివరి పిలకను పంజాతో లాగుతోంది. మొక్క పాడైంది దానివల్లే అనుకున్నాను.

"ఊకె వచ్చి కూసున్నోళ్లకు ఇంత పెత్తనమా? నడువ్ బయటికి!" అని మెడ పట్టి మెట్ల మీద వదిలి తలుపేశాను.

అక్క రామంతాపూర్‌లో అద్దెకుండేది. ఆ ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడతామన్నారు. వేరే గది దొరికేదాకా అంటూ, నేనొక్కణ్ణే ఉండే ఈ రెండు గదుల పోర్షన్‌కు సూట్‌కేసుతో, పిల్లితో వచ్చింది. అప్పుడు నా దగ్గర మనీప్లాంట్ ఉండేది. పిల్లి దాని ఆకు కొరికి రోజంతా చొంగ కార్చింది. పశువుల డాక్టరు ఆ మొక్కను ఇంట్లోంచి తీసేయమన్నాడు. స్పైడర్ ప్లాంట్ అయితే కొరికినా భయం లేదన్నాడు. అక్క వెంటనే తెచ్చి వేలాడదీసింది.

"దీనితోని ఫికర్ లేదు తమ్మీ. వెలుతురుండాలె, ఎండ తగలొద్దు. మట్టి ఎండినంకనే నీళ్లు పొయ్యాలె," అంది. నీళ్లు పోసే పని నేను తీసుకున్నాను.

అక్క వచ్చి చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది. పిల్లి ఊసెత్తలేదు.

"పోచారం దిక్కు రూములున్నయట. ఇయ్యాల పోయి సూసొస్త."

"ఇప్పుడెందుకక్కా?"

"ఊకె ఎన్ని దినాలు కూసుంట?"

చాయ్ తాగబుద్ధి కాలేదు. పడుకుంటే నిద్ర రాలేదు. మంచినీళ్లకని లేచాను. ఫిల్టరు వదిలేసే నీళ్లు పారబోయడానికి మనసొప్పక, దాని కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లే ఇన్నాళ్లూ మొక్కకు పోస్తున్నాను. బకెట్ లోపల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. వెళ్లి కుండీలో చూశాను. మట్టి మీదా అదే తెలుపు. మా బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి ఆ బకెట్లోకి వస్తుంటే, నేను మోసుకెళ్లి వేళ్లకు పోశాను. పిల్లి ఆడుకుంది, అంతే.

కిందికి దిగాను. పిల్లి ఎవరిదో స్కూటర్ కింద ముడుచుకుని ఉంది. చెయ్యి చాపితే వెనక్కి జరిగింది. పైకెళ్లి, "అక్కా, నువ్వు పిలువవే. నా దగ్గరికి వస్తలేదు," అన్నాను.

"ఎల్లగొట్టింది నువ్వు. నువ్వే పిలుసుకో," అంది. కానీ నా వెనకే వచ్చి మెట్ల మీద నిలబడింది.

డ్యూటీ బట్టల్లోనే నేల మీద కూర్చుని బతిమాలుతుంటే, పక్క పోర్షనాయన నవ్వాడు.

"ఏందన్నా, తాళంచెవి పడ్డదా?"

"లేదు, పిల్లి అలిగింది."

"పిల్లి గాదు," అంది అక్క.

ఆయన వెళ్లేదాకా ఆగి, "ఎరుకే అక్కా," అన్నాను. "ఆ మాట నేను అనొద్దుండె. మొక్కను ఖరాబు జేసింది గూడ నేనే."

పిల్లి నన్ను చుట్టి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర చేరింది. అక్క దాన్ని ఎత్తుకుని పైకి వెళ్లిపోయింది.

మాడిన కొసలు కత్తిరించాను. కుండీని బాత్రూంలో పెట్టి, పట్టి ఉంచిన మున్సిపల్ నల్లా నీళ్లు అడుగునుంచి కారిపోయేలా మళ్లీ మళ్లీ పోశాను. తరవాత అక్క పడుకునే గదిలోకి వెళ్లాను. సగం గది నా అట్టపెట్టెలే. బీరువా నిండా నా పాత బట్టలే. ఆమె చీరలు ఇంకా సూట్‌కేసులోనే ఉన్నాయి. వచ్చిన రోజే చేయాల్సిన పని అది. పెట్టెలు బయటికి చేర్చి, బీరువాలో రెండు అరలు ఖాళీ చేసి తుడిచాను. ఆ గది కిటికీకి కొక్కెం కొట్టి మొక్కను తగిలించాను.

అక్క గుమ్మంలో నిలబడి అరల వంక చాలాసేపు చూసింది.

"కొక్కెం జర కిందికి గొట్టు," అంది. "పిల్లికి అందాలె."

కొక్కెం పీకి, కిందికి కొట్టాను.