గోగునార వ్యాసంలో ఎవరూ రాయని పేరా

దయ్యమనీ గాలి అనీ ఎవరైనా నా ముందు మొదలుపెడితే ఆ మాట పూర్తి చేయనిచ్చేదాన్ని కాదు. శ్రీకాకుళంలో బీయస్సీ చదివినదాన్ని. మా అత్తవారి ఊళ్ళో ఒక ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయని జనం గుమిగూడితే, పెరట్లోంచి రాళ్ళు విసురుతున్న ఆ ఇంటి అల్లుణ్ణి చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది నేనే. కాబట్టి ఇది చదివి "పాపం, ఈవిడకేదో భ్రమ" అనుకోబోయేవాళ్ళు ముందు నాతో వాదించి గెలవాలి. నేను భయంతో రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

మా అత్తవారి ఊరు గజపతినగరం దగ్గర పల్లె. గోగునారతో సంచులు, చాపలు, బుట్టలు చేయించే చిన్న షెడ్డు నాది. నా ఆడపడుచు పైడమ్మ దగ్గరుండి పని చూసుకుంటుంది. పైడమ్మ తల్లి, అంటే మా అత్త, నార తీయడంలోనూ తాడు పేనడంలోనూ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడకీ నాకూ పడలేదు. పోయారు కదా అని మంచే చెప్పాలన్న నియమం నేను పెట్టుకోలేదు.

మా సరుకు తీసుకునే పాత వ్యాపారి ప్లాస్టిక్ సంచుల వైపు తిరిగిపోయాడు. షెడ్డు మూసేద్దామా అనుకుంటున్న రోజుల్లో విశాఖపట్నం నుంచి చేతిపని వస్తువుల దుకాణం నడిపే ఒకావిడ వచ్చింది. సరుకు తిప్పి తిప్పి చూసి, "బాగుందండీ, కానీ మీ వెబ్‌సైటులో చదవడానికి ఒక్క ముక్క లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు సంచితో పాటు దాని కథ కూడా అడుగుతారు. మంచి వ్యాసాలు పెట్టండి, అవి చూసి ఏడాది ఆర్డరు సంగతి చెప్తాను" అంది. అంటే మా షెడ్డు బతకడమో చావడమో ఇక వ్యాసాల మీద ఆధారపడిందన్నమాట.

నువ్వే రాసుకోవచ్చు కదా అంటారు. నేను రాస్తే అది సంచి గురించి ఉండదు, ఎవరి మీదో తగువులా ఉంటుందని మా ఆయన అన్నాడు. ఆ మాటకి ఆయనతో చాలాసేపు తగువాడి, చివరికి ఆన్‌లైనులో డబ్బులు తీసుకుని రాసిపెట్టేవాళ్ళ కోసం వెతికాను.

ఆ లోకం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. అందరికీ అయిదు నక్షత్రాలే, అందరూ "నాణ్యత మా ప్రాణం" అనేవాళ్ళే. మొదటి మనిషి పంపినది "నేటి ఆధునిక యుగంలో" అని మొదలై, "అనడంలో సందేహం లేదు" అని ముగిసింది. మధ్యలో గోగు లేదు. ఇంకొకావిడ ఎక్కడో బెంగాల్ జనపనార మీద రాసినదాన్ని తెచ్చి, ఊరి పేరు మాత్రం మార్చి నాకు అంటగట్టింది. మూడో మహానుభావుడు "ఊరబెట్టిన గోగునార నుంచి వెలువడే కమ్మని పరిమళం" అని రాశాడు. నార ఊరుతున్న చెరువు పక్కగా బస్సు పోతుంటే అద్దాలు మూసేస్తారు. ఆ కంపుకి తిన్న అన్నం గొంతులోకి వస్తుంది. ఫోన్ చేసి, "బాబూ, నువ్వొచ్చి మా చెరువులో మోకాలి లోతున నిలబడు, ఆ పరిమళం పీల్చు, తర్వాత రాయి" అన్నాను. నా మీద ఒకటే నక్షత్రం పెట్టాడు. పెట్టుకోనీ.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరు నమూనా పంపినా ముందు కంపు ఉందా లేదా అని చూడడం. కంపు లేకపోతే తిప్పి పంపడం. కంపు తెలియని రచయిత మిగతాదంతా కల్పించాడనే లెక్క.

అలా చూడగా ఒకతను కుదిరాడు. ఎక్కడో హైదరాబాదు మనిషి. ఈ వైపు ఎప్పుడూ రాలేదట. నేను అతనికి ఇచ్చిన సమాచారం ఇంతే: పంట ఎప్పుడు కోస్తారు, ఎలా ఊరవేస్తారు, నార ఎలా ఒలుస్తారు, షెడ్డు ఫొటోలు కొన్ని. మా ఇంటి సంగతులు ఒక్కటీ చెప్పలేదు. కూరగాయలమ్మే మనిషికే చెప్పను, ఇతనికెందుకు చెప్తాను?

వ్యాసం వచ్చింది. కంపు ఉంది. నీళ్ళలో నానిన ఆడవాళ్ళ వేళ్ళు ఎలా పాలిపోతాయో ఉంది. పరవాలేదనుకుంటూ కిందికి వెళ్ళాను. చివరికి ముందున్న పేరా ఇది:

"కొత్తగా కొన్న ఆవు పాత ఇంటికి పారిపోకుండా, ఇల్లాలు దాని పలుపులో తన తల వెంట్రుకలు కలిపి పేనేది. ఇల్లు పట్టని కోడలికీ అంతే. మంచానికి కాళ్ళవైపు బిగించే తాడులో, ముడికి జానెడు దూరంలో, తన వెంట్రుకలూ కోడలి వెంట్రుకలూ ఎర్రదారంతో కట్టి పేనేది. ఈ సంగతి కూతురికైనా చెప్పేది కాదు."

నాకు మండిపోయింది. తాళ్ళల్లో వెంట్రుకలున్నాయని చదివితే ఎవరైనా మా సంచి ముట్టుకుంటారా? పైగా ఆవునీ కోడల్నీ ఒకే గాటన కట్టడం ఒకటి. ఇది ఇంట్లోంచే పొక్కిందనుకుని నేరుగా పైడమ్మ మీదికి వెళ్ళాను. షెడ్డులో నార కట్టలు విప్పుతోంది. ఫోన్ మొహం మీద పెట్టి చదివి వినిపించాను.

"ఏటే పైడమ్మా, ఎవడికి సెప్పినావిది?"

మొదటి వాక్యం దగ్గరే దాని చేతులు ఆగిపోయాయి. "నానెవులికి సెప్తాను వొదినా! ఆవు పలుపు సంగతి మాయమ్మ నాకొక్కదానికే సెప్పింది. కోడలికి సెప్పొద్దనీసింది."

"కోడలికెందుకు సెప్పకూడదట?"

"నువ్వు ఎగతాళి సేస్తావని. సేస్తావా, సెయ్యవా?"

చేస్తాను. ఆ మాట పక్కన పెట్టి, "మరి మంచం తాడు?" అన్నాను.

"అది నాకూ తెల్దు. ఒట్టు. ఏ మంచవో ఏటో."

పైడమ్మకి అబద్ధం చెప్పడం రాదు. వస్తే నా దగ్గర ఇన్నేళ్ళు సుఖంగా ఉండేది.

రచయితకి ఫోన్ చేశాను. "ఈ పేరా ఎక్కడిది?" అంటే మాట దాటవేయబోయాడు. అప్పటికే నా స్వరం పెరిగింది. చివరికి బయటపెట్టాడు: "నిజం చెప్పాలంటే మేడమ్, మొదటి భాగం నేనే రాశాను. టైము లేక మిగతాది ఏఐతో రాయించాను. ఆ పేరా... నేను చదవలేదండీ."

డబ్బులు తీసుకున్నవాడు రాయలేదు, రాయించినదాన్ని చదవనైనా లేదు! తిట్టవలసినవన్నీ తిట్టాను. తిట్టడం అయ్యాక, అదే సమాచారం ఇచ్చి మళ్ళీ రాయించి పంపమన్నాను. భయపడి వెంటనే పంపాడు. ఆవు లేదు, మంచం లేదు, వెంట్రుకల ఊసే లేదు. ఎన్నిసార్లు రాయించినా రాలేదు. "మొదటిసారి ఎలా వచ్చిందో నాకూ అర్థం కావడం లేదు మేడమ్" అన్నాడు. అతని గొంతులో అప్పుడు నా మీద భయం లేదు, వేరే ఏదో ఉంది.

నేను ఫోన్ పెట్టేసేసరికి పైడమ్మ షెడ్డు మూలకి చూస్తోంది. అక్కడ మా పెళ్ళయిన వేసవిలో అత్త మా ఇద్దరి కోసం అల్లిన నులక మంచం ఉంది. ఇంట్లో వద్దనిపించి షెడ్డులో పడేశాను. ఇప్పుడు దాని మీద సంచులు పేరుస్తాం. నులక వదులైనప్పుడల్లా కాళ్ళవైపు తాడు లాగి బిగించడమే తప్ప ఎవరూ తాడు మార్చలేదు, అత్త వేసిన ముడి విప్పలేదు.

"సూద్దుమా వొదినా?"

"చూడ్డానికేముంది అందులో?" అంటూనే సంచులు దింపాను. మిట్టమధ్యాహ్నం. షెడ్డులో ఆడవాళ్ళందరూ అన్నాలు తింటూ మమ్మల్ని చూస్తున్నారు. ముడి నుంచి జానెడు కొలిచి తాడు పురి విప్పాను. గట్టిగా బిగిసిపోయి ఉంది, దబ్బనంతో విప్పవలసి వచ్చింది.

లోపలి పేటలో ఎర్రదారం ఉంది. రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది. దానికింద వెంట్రుకలు. కొన్ని తిన్ననివి, కొన్ని ఉంగరాలు తిరిగినవి. ఈ ఇంట్లో ఉంగరాల జుట్టు నాకొక్కదానికే ఉంది. మా అత్తది కర్రలా తిన్నని జుట్టు. నేను దువ్వుకున్నాక రాలిన జుట్టు ఉండచుట్టి చూరులో దోపేదాన్ని, అప్పట్లో అందరం అంతే. అక్కడి నుంచి తీసి ఉంటుంది.

తింటున్నవాళ్ళు కంచాలు వదిలేసి చుట్టూ మూగారు. పైడమ్మ మాత్రం, "మాయమ్మ నాకే సెప్పనేదు సూడు" అని ఏడుపు మొదలుపెట్టింది. దాని బాధ దానిది.

తర్వాత నేను చేయవలసిన వాదనలన్నీ నాతో నేనే చేశాను. ఇది ఎక్కడో పుస్తకంలో ఉండి ఉంటుంది, యంత్రం అక్కడ ఏరుకుని ఉంటుంది అనుకున్నాను. నెల్లిమర్ల వైపు మా చుట్టాల్లో ముసలివాళ్ళనీ, తాళ్ళు పేనేవాళ్ళనీ కనుక్కున్నాను. ఆవు పలుపులో వెంట్రుకలు కలపడం ఒకరిద్దరు విన్నారట. కోడలి మంచం మాట ఎవరూ వినలేదు. పోనీ అదీ ఎక్కడో ఉందనుకుందాం. కాళ్ళవైపు తాడని, జానెడు దూరమని, ఎర్రదారమని, కూతురికి కూడా చెప్పలేదని ఆ యంత్రానికెవరు చెప్పారు? కాకతాళీయం అంటారా? అన్నీ ఒకేసారి, మా ఇంటి మంచానికే కుదిరాయా? నేనైతే నాతో వాదించి గెలవలేకపోయాను.

ఆ పేరా తీసేసి పెట్టమని, మా వెబ్‌సైటు పని చూసే పైడమ్మ కూతురికి చెప్పాను. వ్యాసం వచ్చిన పొద్దునే ఆ పిల్ల దాన్ని ఉన్నదున్నట్టు విశాఖపట్నం ఆవిడకి పంపించేసిందని అప్పుడు తెలిసింది. ఇక ఆర్డరు పోయినట్టేనని తలపట్టుకున్నాను. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఇంట్లోవాళ్ళు భయపడతారు.

ఆవిడే ఫోన్ చేసింది. మిగతా షెడ్డులవాళ్ళు పంపిన వ్యాసాలు చప్పగా ఉన్నాయట. ఆ పేరా తమ ఇంట్లో గట్టిగా చదివి వినిపించుకున్నారట. "ఏడాది ఆర్డరు మీకే ఇస్తున్నానండీ. ఒక్కటి చెప్పండి, అది నిజమేనా? కల్పించినదైతే నేను నా దుకాణంలో పెట్టను."

షెడ్డులో మగ్గాలు ఆడుతున్నాయి. నేను ఔననాలి, లేదా కాదనాలి.

"నిజమే" అన్నాను. "మా అత్త చేసిందే."

"అయ్యో, అయితే ఆ కోడలు మీరేనా? మరి మీరు వెళ్ళిపోదామనుకున్నారా అప్పుడు?"

అనుకున్నాను. ఆ మంచం ఇంట్లోకి వచ్చిన ఏడాదే, బీఎడ్‌లో చేరిపోదామని, మళ్ళీ ఈ ఊరి మొహం చూడకూడదని బట్టలు సర్దుకున్నాను. శ్రీకాకుళం బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను కూడా. బస్సు వచ్చింది, ఆగింది. నేను ఎక్కలేదు. ఎందుకెక్కలేదని తర్వాత ఎవరు అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఒకసారి జ్వరమన్నాను, ఒకసారి మా నాన్న పరువన్నాను, ఒకసారి అత్త మీద పంతమన్నాను. అన్నీ వాదనలో నెగ్గేవే.

విశాఖపట్నం ఆవిడ ఫోన్‌లో జవాబు కోసం ఆగింది. "అనుకున్నానండీ, కానీ ఉండిపోయాను" అన్నాను. ఎందుకని ఆవిడ అడిగే లోపే సరుకు ఎప్పుడు పంపాలో చెప్పమని మాట మార్చేశాను.

ఆ బస్సు ఎందుకెక్కలేదో నాకిప్పటికీ తెలియదు.