మేనత్త పేరు కింద రాసిన మాట

రెండు వేల నాలుగు వేసవిలో తెనాలిలోని మా ఇంట్లో ఉన్నవాళ్లు: బాపట్ల పెద్దమ్మ, ఇద్దరు పిన్నులు, జంతికల డబ్బాతో రేపల్లె నుంచి వచ్చిన మేనత్త. బడిలో గీయమన్న చుట్టాల చార్టులో నలుగురి పేర్ల కిందా ‘ఆంట్’ అని రాశాను.

“ఏంట్రా, నేనూ ఆంటీనేనా, పక్కింటావిడలాగా?” అని అత్త నవ్వింది.

“ఇంగ్లీషులో అందరికీ అదే మాటత్తా.”

ఎప్పుడూ నా నోట్లో పెట్టే జంతికలు ఆ సాయంత్రం పళ్లెంలో పెట్టి ఇచ్చింది. ఎందుకో నాకు తెలియలేదు.

నిన్న మా మేనకోడలు అలాంటి చార్టే గీస్తుంటే నిఘంటువు తీశాను. ‘ఆంట్’ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం మేనత్త ఒక్కతే. పెద్దమ్మకీ పిన్నికీ అక్కడ వేరే మాట ఉండేది. వెంటనే అత్తకు ఫోన్ చేసి చెప్పాను.

“అయితే అది నా మాటేనంటావా?” అంది.

“నీదేనత్తా.”

ఆ చార్టులో నేను రాసినవి నాలుగు. సరైంది ఒకటి.